తడి చోట పెట్టిన కళ్ళు

సుహోయ్ రుచేయ్ అంటే ఎండిన వాగు. ఊరికి ఆ పేరు పెట్టినవాళ్ళు కపితోలినా సవ్విష్నా పుట్టకముందే కాలం చేశారు కాబట్టి వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఆవిడ పుట్టాక అయితే ఆ పేరు ఎవరూ పెట్టేవాళ్ళు కాదు.

ఇట్టే ఏడ్చేసేవాళ్ళను అక్కడివాళ్ళ భాషలో 'కళ్ళు తడి చోట ఉన్నాయి' అంటారు. ఇల్లు కట్టుకునేటప్పుడు మనం మెరక చూసుకుని కడతామా, దేవుడు ఆ పాటి జాగ్రత్త కూడా లేకుండా కొందరి కళ్ళను పల్లంలో పెట్టేశాడని దాని భావం. పైగా కపితోలినా అన్న పేరును ముద్దుగా కపా అంటారు. అక్కడ చూరు నుంచి నీటిబొట్టు పడితే 'కప్ కప్' అని చప్పుడవుతుంది. ఇంకేం కావాలి? బడిలో చేరిన రోజునే ఆమె కప్‌కప్ అయిపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చింది బడి అంటే భయంతో కాదు. టీచరమ్మ కోటు మోచేతి దగ్గర అతుకు వేసి ఉందట. అది చూసి తట్టుకోలేకపోయింది.

కోడిని కోస్తే ఏడ్చేది. ఆవు ఈనితే ఏడ్చేది. ఎదురింటి కుంటి బాతు చలికి చస్తే, బాతు సొంతదారు మధ్యాహ్నానికి మర్చిపోయాడు, కపా మాత్రం వారం పాటు కళ్ళు వాచిపోయి తిరిగింది. ఇంట్లో ఉల్లిపాయలు తరగాల్సి వస్తే వాళ్ళమ్మ ఆమెనే పిలిచేది. "ఎలాగూ ఏడుస్తావు, ఆ ఏడుపేదో పనికొచ్చేలా ఏడువు" అనేది.

పెద్దయ్యాక ఊరి క్లబ్బులో పనికి కుదిరింది. పొయ్యి రాజేయడం, బెంచీలు సర్దడం, సినిమా రోజున గుమ్మం దగ్గర నిలబడి టికెట్లు చింపడం. సినిమా పెట్టెలు తాలూకా పట్నం నుంచి వచ్చేవి. చలికాలం గుర్రపుబండికి చక్రాలు తీసేసి, జారుడు చెక్కలు బిగించి, మంచు మీద జారించుకుంటూ వాటిని తెచ్చేవాడు ఆ ఊరి కుర్రాడే, వెన్యా. పొడుగ్గా, సన్నగా, ఒక చెవి మీదికి టోపీ లాక్కుని ఉండేవాడు. చేతుల నుంచి ఎప్పుడూ యంత్రం నూనె వాసన. బొమ్మ ఆడించేదీ అతనే. ఒకటే మిషను కాబట్టి ఒక ఫిల్ము చుట్ట అయ్యాక దీపాలు వేసి ఇంకో చుట్ట ఎక్కించాలి. దీపాలు వెలగ్గానే హాలంతా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసేది. బొమ్మ బాగుందో లేదో వాళ్ళకు అక్కడ తెలిసేది.

"రెండో చుట్టకే మొదలైందిరోయ్!" అని అరిచేవాడు ఎవడో.

"అయితే చివర్లో ఎవడో చస్తాడన్నమాట. నేను బూట్లు విప్పుకుని కూర్చుంటా."

నవ్వించే సినిమాలకు కూడా ఏడ్చేది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, పాపం బకెట్టు తన్నుకుని పడ్డవాడికి దెబ్బ తగిలిందేమోనని కపా ముక్కు ఎగబీల్చేది. ఆట అయ్యాక చుట్టలు పెట్టెల్లో సర్దుకుంటూ వెన్యా అనేవాడు, "నాకు తెర ఎందుకు కపా? నీ మొహం వైపు తిరిగి కూర్చుంటే బొమ్మంతా కనబడిపోతుంది." తర్వాత ఆమెను ఇంటిదాకా దిగబెట్టేవాడు. దారిలో ఏం మాట్లాడుకునేవాళ్ళో, ఎన్నో ఏళ్ళ తర్వాత మనవరాలు ఎంత పీడించినా ఆవిడ చెప్పలేదు. "మంచు గురించి" అని మాత్రం అంది. రెండు చలికాలాల పాటు మంచు గురించే మాట్లాడుకున్నారంటే ఆ మంచులో ఏదో ఉండి ఉండాలి.

మూడో చలికాలం ఇంకా పూర్తిగా దిగకముందే వెన్యాను పైవాళ్ళు మార్చారు. ఉత్తరాన, సముద్రం ఒడ్డున రేవుపట్నంలో పెద్ద సినిమాహాలు కట్టారట. అక్కడికి పొమ్మన్నారు. నది గడ్డకట్టేలోపు వెళ్ళే ఆఖరి పడవలో ప్రయాణం.

ఆ వార్త తెలిసిన సాయంత్రం కపా స్నేహితురాలు ఫేన్యా వాళ్ళింటికి పరిగెత్తుకెళ్ళింది. ఫేన్యా అప్పటికే పెళ్ళయిన మనిషి. మగాళ్ళ గురించి తనకు తెలియనిది లేదని నమ్మకం.

"ముందు ఆ ముక్కు తుడుచుకో" అంది ఫేన్యా. "రేపు రేవులో ఇలా ఏడ్చావంటే అతను పడవ ఎక్కడం కాదు, దూకి ఈదుకుంటూ పోతాడు. మగాళ్ళకి తడి పడదే కపా."

"నా చేతుల్లో ఉందా?"

"నువ్వు కోడిపిల్లకీ ఏడుస్తావు, అతనికీ ఏడుస్తావు. అతనికేంటి గొప్ప? ఒక్కసారి పొడి కళ్ళతో నిలబడి చూడు. ఇదేంటి ఈ పిల్ల ఏడవలేదేంటి అని బుర్ర బద్దలుకొట్టుకుంటాడు. చచ్చినట్టు తిరిగొస్తాడు."

ఎలా నిలబడాలో కూడా ఫేన్యానే నేర్పింది. ఆ ఊరి వెనక చిత్తడి నేలలో చలి తగిలాక పండే ఎర్రపళ్ళుంటాయి. ఒక్కటి కొరికితే చెవుల దాకా పులుపు లాగుతుంది. అవి దోసెడు నోట్లో వేసుకుని, ఏడుపొచ్చినప్పుడల్లా ఒకటి కొరికితే ఏడుపు వెనక్కి పోతుందంది. గడ్డం పైకెత్తి ఆకాశం వైపు చూస్తూ ఉంటే కళ్ళలో నిండినవి కూడా కిందికి రాలవంది. ఇంత విద్య ఫేన్యాకు ఎక్కడిదో తెలియదు. సొంత పెళ్ళిలో వాడి ఉంటుంది.

మర్నాడు రేవులో ఊరు సగం ఉంది. కపా తెల్ల శాలువా కప్పుకుని, బుగ్గలు ఉబ్బించుకుని, గడ్డం పైకెత్తి నిలబడింది. వెన్యా అందరికీ చేతులు కలిపి చివరికి ఆమె దగ్గరికొచ్చాడు.

"ఏంటి కపా, నాతో మాట్లాడవా?"

ఆమె ఒక పండు కొరికింది.

"నేను వెళ్తున్నా."

ఇంకో పండు.

అతను టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "కపా, మంచు కరిగాక వచ్చెయ్యనా? రమ్మంటే వచ్చేస్తా."

ఔనని తలూపితే చాలు. కానీ తల ఊపాలంటే వంచాలి. వంచితే అంచుదాకా నిండిన కళ్ళు ఒలికిపోతాయి. ఔనని నోటితో అనొచ్చు. కానీ నోరంతా పళ్ళు. మింగుదామంటే గొంతు దిగవు, ఉమ్ముదామంటే ఊరంతా చూస్తోంది. కపా గడ్డం ఇంకాస్త పైకెత్తింది.

ఎదుట నుంచి చూసేవాడికి అది ఎలా కనబడుతుంది? కళ్ళు నెత్తికెక్కినట్టు కనబడుతుంది. బాతుకు వారం ఏడ్చిన పిల్ల, బకెట్టు తన్నుకున్నవాడికి ఏడ్చిన పిల్ల, తన ముందు మబ్బులు చూస్తూ నిలబడింది.

"సరేలే" అన్నాడు వెన్యా. నవ్వడానికి ప్రయత్నించాడు. "ఇవాళ కళ్ళు మెరకెక్కాయన్నమాట."

పడవ కూత వేసింది. అతను ఒడ్డుకు వేసిన చెక్క దాటి ఎక్కేశాడు. కపా రేవు పక్కకు పరిగెత్తి పళ్ళన్నీ ఉమ్మేసి అరిచింది. ఏమని అరిచిందో ఇంజను చప్పుడులో ఆమెకే వినబడలేదు. ఆ తర్వాత ఏడ్చింది. దాన్ని చూసి రేవులోవాళ్ళు, హమ్మయ్య, మన కప్‌కప్ మళ్ళీ దారిలో పడింది అనుకుని ఇళ్ళకు పోయారు.

మంచు కరిగాక వెన్యా రాలేదు. వేరే కుర్రాడు పెట్టెలు తెచ్చాడు. ఉత్తరం రాద్దామని కపా కూర్చుంది కానీ ఏమని రాయాలి? నోట్లో పళ్ళుండి మాట్లాడలేదు అని రాస్తే ఎవరైనా నవ్వుతారు. ఆ తర్వాతి ఏడాది అతనికి అక్కడే పెళ్ళయిందని తెలిసింది. ఫేన్యా వారం పాటు కపా కంటబడకుండా పెరటి దారిన తిరిగింది.

కపాను ప్రోహర్ చేసుకున్నాడు. ట్రాక్టరు తోలేవాడు, మాట పొదుపు. ఆమె కళ్ళు తడవగానే తువ్వాలు తీసి ఆమె వైపు జరిపేవాడు. ఎందుకు ఏడుస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. తువ్వాలు జరపడం మాత్రం ఒక్కనాడూ మానలేదు. అది మంచితనమో అలవాటో కపాకు తేలలేదు. తేల్చుకుందామనుకునేలోపు ప్రోహర్ ఒక ఉదయం కొట్టంలో కట్టెలు కొడుతూ కూలిపోయాడు. అంత్యక్రియల్లో ఆమె గుండె పగిలేలా ఏడ్చింది. వచ్చినవాళ్ళు ఆమె భుజం తట్టి పిండివంటలు తిని వెళ్ళిపోయారు. కుంటి బాతుకు ఏడ్చినప్పుడు కూడా మొహం అచ్చం ఇలాగే ఉందే అన్నట్టు చూశారు. కన్నీళ్ళకు రంగు ఉండదు కదా, ఇవి బాతువి, ఇవి మొగుడివి అని విడివిడిగా చూపించడానికి. ఆ ఏడాది కపాకు మొదటిసారి తన కళ్ళ మీద తనకే కోపం వచ్చింది.

కూతురు పట్నంలో స్థిరపడింది. కూతురి కూతురు స్తేషా మాత్రం వంటల కాలేజీ సగంలో వదిలేసి అమ్మమ్మ దగ్గరికి వచ్చి చేరింది. ఎందుకు మానేశావే అంటే, "అక్కడ సూపు రాయిస్తారు అమ్మమ్మా, వండనివ్వరు" అంది. పళ్ళ కథను చలికాలం పొయ్యి ముందు అమ్మమ్మ నోటి నుంచి ముక్కముక్కలుగా లాగింది ఈ పిల్లే. అంతా విని కడుపుబ్బ నవ్వింది.

"నవ్వు, నవ్వు. నీకేం?"

"నాకేంటా? ఆ రోజు నువ్వు తలూపి ఉంటే మా అమ్మ పుట్టేదా, నేను పుట్టేదాన్నా? ఆ చిత్తడి నేలకెళ్ళి ఎర్రపళ్ళ చెట్టుకి దండం పెట్టి రావాలి నేను."

"అది చెట్టు కాదే, తీగ" అని కపా కళ్ళు ఒత్తుకుంది. స్తేషా తువ్వాలు జరిపింది. చిన్నప్పుడు సెలవులకొచ్చి తాతను చూసి నేర్చుకుంది మరి.

ఈస్టర్ అయ్యాక రెండో వారం మంగళవారం చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళే రోజు. ఆ ఏడాది ఆ పండగ ముందు, రంగు పట్టడానికి ఉల్లిపొట్టు వేసి గుడ్లు ఉడకబెడుతుంటే ఫేన్యా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నడుం వంగినా నోరు వంగలేదు.

"కూర్చో, కూర్చుని విను. వెన్యా వస్తున్నాడు. వాళ్ళమ్మ సమాధి చూడ్డానికి. పెళ్ళాం తీసుకొస్తోంది. మంగళవారం బస్సుకొచ్చి మళ్ళీ అదే బస్సుకి పోతారట. వాళ్ళ చిన్నాన్న కొడుకు ఇప్పుడే చెప్పాడు."

గరిటె గిన్నెలో పడింది.

"ఇంకో సంగతి" అంది ఫేన్యా, చూపు పక్కకు తిప్పి. "అతనికి కళ్ళు పోయాయట. ఏం కనబడదట."

ఫేన్యా వెళ్ళాక చాలాసేపు కపా గుడ్లు తీయడం మర్చిపోయింది. అవి నల్లగా అయ్యాయి. చివరికి అంది, "చెప్పాలే స్తేషా. పోయేలోపు ఒక్కసారి చెప్పాలి. నా కళ్ళు నెత్తికెక్కలేదు, నోట్లో పళ్ళున్నాయి అని. అంతే. ఇంకేమీ వద్దు."

"చెప్పు. ఎవరొద్దన్నారు?"

"ఎప్పుడూ నా మొహం చూసే తెలుసుకునేవాడు. నోటితో చెప్పడం నాకు రాదే."

"అయితే ప్రాక్టీసు చేద్దాం పట్టు" అని స్తేషా తాత టోపీ ఒక చెవి మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, స్టూలు మీద కూర్చుంది. గొంతు లావు చేసింది. "ఎవరు అక్కడ? కప్‌కప్పేనా?"

"వెన్యా, ఆ రోజు..." అంది కపా. అక్కడితో ఆగి ముక్కు ఎగబీల్చింది.

"నాకు కన్నీటి చుక్కలు కనబడవు అమ్మాయ్, మాటలే వినబడతాయి. మళ్ళీ అను."

"వెన్యా, ఆ రోజు నా నోట్లో..."

"నోట్లో ఏంటి? పళ్ళా? నా నోట్లో కూడా ఉండేవి, మొన్ననే ఆఖరిది పీకించుకున్నా."

"పోవే!" అని కపా ఏడుస్తూనే నవ్వింది. అయినా ఆదివారం నాటికి ఆ మాట తడబడకుండా అనగలిగింది.

మంగళవారం శ్మశానం తిరణాలలా ఉంది. రాత్రంతా మంచు కరిగి దారులన్నీ మడుగులు. జనం సమాధుల మీద రంగుగుడ్లు దొర్లించి, రొట్టెముక్కలు పిట్టలకు చల్లి, పోయినవాళ్ళకూ తమకూ తలో గుక్క సారా పోసుకుంటున్నారు. కపా అలవాటుగా ప్రోహర్ దగ్గర ఏడ్చింది, పక్కనున్న పరాయివాళ్ళ తాత దగ్గర కూడా కాస్త ఏడ్చింది. అప్పుడు కనబడ్డాడు.

పొడుగు తగ్గింది. టోపీ మాత్రం ఒక చెవి మీదికే ఉంది. పక్కన పొట్టిగా, గుండ్రంగా ఒకావిడ. పేరు నోన్నా. అతని మోచెయ్యి పట్టుకుని మడుగులు తప్పిస్తూ నడిపిస్తోంది. "ఎడం. ఇప్పుడు పెద్ద అడుగు. శభాష్" అంటోంది. బెంచీ మీద కూర్చోబెట్టి, గుడ్డు వలిచి, ఉప్పు చల్లి చేతిలో పెట్టింది. అతని గడ్డం మీద పడ్డ పచ్చసొన తన బొటనవేలితో తుడిచింది. అతను తనకు తెలియకుండానే ఆ వేలి వైపు మొహం కొంచెం వంచాడు.

స్తేషా అమ్మమ్మను వెనక నుంచి తోసింది. "వెళ్ళు."

"వెన్యా" అంది కపా.

అతను గుడ్డు పట్టుకున్నవాడల్లా ఆగిపోయాడు. "ఆగు, చెప్పకు." మొహమంతా వెలిగింది. "కప్‌కప్! నోన్నా, చెప్పాను చూడు, సినిమా పిల్ల, ఈవిడే! నవ్వే బొమ్మలకీ ఏడ్చేది. ఆవిడ ఏడవకపోతే జనం లేచి వెళ్ళిపోయేవాళ్ళు."

"ఎన్నిసార్లు విన్నానో" అని నవ్వింది నోన్నా. "కూర్చోండి కపితోలినా సవ్విష్నా. ఇదిగో గుడ్డు తీసుకోండి."

"ఊళ్ళో అన్నిటికీ ఏడ్చింది ఈవిడ" అన్నాడు వెన్యా, గాలిలోకి వేలు చూపిస్తూ. "బాతుకి వారం ఏడ్చింది. నాకు మాత్రం ఒక్క చుక్క కూడా రాల్చలేదు. రేవులో రాణిలా నిలబడింది. నేనంటే కుంటి బాతుపాటి కూడా కాదన్నమాట! అవునా కపా?"

సరదాగానే అన్నాడు. అన్నాక నవ్వాడు కూడా. కానీ ఆ నవ్వు అయిపోయాక మొహం ఆమె వైపే పెట్టి ఉంచాడు, జవాబు కోసం.

మాట నాలుక చివరనే ఉంది. ఆదివారం దాకా వల్లెవేసిన మాట. కపా నోరు తెరిచింది. ఎదురుగా నోన్నా చేతిలో ఉప్పు పొట్లం పట్టుకుని, తల కొంచెం వాల్చి, మర్యాదగా వింటోంది. ఆ బొటనవేలికి ఇంకా పచ్చసొన అంటుకునే ఉంది. ఇన్నేళ్ళు అతనికి గుడ్డు వలిచిపెట్టిన మనిషి ముందు, అతను రమ్మంటే వచ్చేస్తానన్న రోజు గురించి ఎలా చెప్పడం?

"ఆ బాతు చాలా మంచిది" అంది కపా.

వెన్యా పగలబడి నవ్వాడు. కపా కళ్ళ నుంచి ధారగా కారుతోంది, చప్పుడు లేకుండా. అతను నవ్వుతూనే గుడ్డు తిన్నాడు. నోన్నా మాత్రం నవ్వలేదు. కపా మొహం చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి లేచి తన రుమాలు ఆమె చేతిలో పెట్టింది.

బస్సు అంగడి ముందు ఆగుతుంది. వెన్యాను చిన్నాన్న కొడుకు లోపలికి ఎక్కిస్తుంటే, నోన్నా వెనక్కి వచ్చి కపా పక్కన నిలబడింది.

"ఆ రోజు రేవులో కూడా కన్నీళ్ళు ఇలాగే వచ్చాయా?" అని అడిగింది మెల్లిగా.

"రానివ్వలేదమ్మా" అంది కపా. "నోటినిండా పుల్లపళ్ళు పోసుకున్నా. తల దించితే పడతాయని దించలేదు."

నోన్నా చేతిసంచి మూత తీసింది, వేసింది. ఆమెదీ చలి ప్రాంతమే. ఆ పళ్ళు ఎరిగిన మనిషే.

"ఆయనకి మీ కళ్ళు కనబడవు కదా" అంది చివరికి. "నేను చెప్పనా?"

అప్పుడు నోట్లో ఏమీ లేదు. అయినా కపాకు మాట రాలేదు. గడ్డం దించింది. తల కిందికి వంచి, ఒక్కసారి ఊపింది. ముక్కు మీదుగా జారినవి బూట్ల మీద పడ్డాయి. ఆ రోజు ఊపాల్సిన తల అది. అడిగింది మాత్రం ఇంకో మనిషి.

నోన్నా బస్సెక్కింది. కిటికీలో ఆ ఇద్దరి తలలూ కనబడుతున్నాయి. పొట్టి తల పొడుగు తల చెవి దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఉంది. వెన్యా టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకోలేదు. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. అంగడి గోడ పక్కనున్న కరెంటు స్తంభానికి ఊపుతున్నాడు. స్తంభం పక్కన పెద్ద మడుగు తప్ప ఎవరూ లేరు.

"అయ్యో, అటు ఎవరూ లేరు" అంది ఫేన్యా, కర్రతో గాలిలో చూపిస్తూ. "అతనికి చెప్పండర్రా, ఇటు, ఇటు!"

బస్సు ఇంజను స్టార్టయింది. ఇప్పుడు అరిచినా ఆ చప్పుడులో వినబడదని కపాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శాలువా ఒక చేత్తో, లంగా ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తింది. మడుగులోకి దిగి స్తంభం పక్కన, అతని చెయ్యి ఊగుతున్న చోటికి ఎదురుగా నిలబడింది. నీళ్ళు బూట్ల లోపలికి వెళ్ళాయి.

"అమ్మమ్మా! కాళ్ళు!" అని అరిచింది స్తేషా. "కళ్ళు చాలక కాళ్ళు కూడా తడి చోటే పెట్టావా?"

"నోర్ముయ్యవే, నాకే ఊపుతున్నాడు" అంది కపా. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.